బ్యాక్‌లాగ్ అంటే సప్లీ కాదు: కొని ఆడని గేమ్‌ల గుట్టను ఏం చేయాలి

బీటెక్ చదివినవాళ్ల ముందు బ్యాక్‌లాగ్ అని చూడండి, ఎమ్-వన్ సప్లీ ఫీజుకి ఆఖరి తేదీ ఇవాళేనేమో అన్నట్టు ముఖం మారిపోతుంది. గేమ్స్ ఆడేవాళ్లు ఇదే మాటను కొని ముట్టుకోని ఆటలకు వాడుతున్నారు. మాటతో పాటు ఆ పరీక్ష భయం కూడా వెంట వచ్చేసింది. కంప్యూటర్ గేమ్‌లు కొని ఆడుకునే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం తెరుస్తారు, ఎడమ పక్కన కొండవీటి చాంతాడంత జాబితా. పావుగంట పైకీ కిందికీ తిప్పుతారు. ఏదీ తేలదు. చివరికి రోజూ ఆడే వాలరెంట్ తెరిచి కూర్చుంటారు. జపాన్‌లో కొని చదవని పుస్తకాలను త్సుండోకు అనీ, కొని ఆడని గేమ్‌లను త్సుమిగే అనీ అంటారు. ఆ మాటల్లో ఉన్నది గుట్ట పడటం మాత్రమే. ఫెయిలవడం, బాకీ పడటం వాటిలో లేవు. మనం అరువు తెచ్చుకున్న మాటలోనే కొంత చిక్కుంది.

మిగతా చిక్కు లెక్కలో ఉంది. గేమ్‌ల గుట్ట చూడటానికి ఒకటిగా కనిపించినా అందులో నాలుగైదు రకాల సరుకు కలిసిపోయి ఉంటుంది. ఒక్కో రకానికి మందు వేరు.

గుట్ట ఎలా పడుతుంది

మన ఊళ్లలో చీరల దుకాణాలు ఆషాఢం తగ్గింపు బోర్డులు కట్టే రోజుల్లోనే, అంటే జూన్ నెలాఖరులో, స్టీమ్ సమ్మర్ సేల్ కూడా మొదలవుతుంది. కిటుకు రెండు చోట్లా ఒకటే. ₹1,999 గేమ్ 75 శాతం తగ్గి ₹499కి వస్తే, చూసేవాళ్లకు కనిపించేది ఖర్చయిన ఐదొందలు కాదు, మిగిలిన పదిహేనొందలు. 2015 నవంబరులో స్టీమ్ రూపాయల్లో ధరలు చూపడం మొదలుపెట్టాక, డాలర్లు మార్చి చూసుకునే ఆ కాస్త ఆలోచన కూడా పోయింది.

డబ్బు పెట్టకుండా పెరిగే గుట్ట ఇంకొకటుంది. ఎపిక్ స్టోర్ 2018 డిసెంబరులో వచ్చినప్పటి నుంచి ఉచితంగా గేమ్‌లు ఇస్తూనే ఉంది. ఇప్పుడు ప్రతి గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి, చలికాలంలో తొమ్మిదిన్నరకి కొత్తది పడుతుంది. హంబుల్ బండిల్ లాంటి మూటల్లో ఒక ఆట కోసం కొంటే ఆరేడు వెంట వస్తాయి. ఇవన్నీ మీరు ఎంచుకున్నవి కావు, మీ ఖాతాలోకి వచ్చి పడినవి. వీటిని ఆడలేదని బాధపడటం, పెళ్లిలో ఇచ్చిన రిటర్న్ గిఫ్ట్ వాడలేదని బాధపడటం లాంటిదే.

స్టీమ్ ఏటా డిసెంబరులో ఇచ్చే రీప్లే లెక్క ఒకటి ఇక్కడ పనికొస్తుంది. 2024లో ఒక్కో ఖాతాదారు ఆడిన గేమ్‌ల సంఖ్య మధ్యస్థంగా 4. సగం మంది ఏడాదంతా కలిపి నాలుగో అంతకంటే తక్కువో ఆడారన్నమాట. ఆ ఏడాదే విడుదలైన ఆటల మీద అందరూ గడిపిన సమయం మొత్తంలో 15 శాతమే. స్టీమ్‌లో ఆ ఒక్క ఏడాది 18 వేలకు పైగా గేమ్‌లు విడుదలయ్యాయి. కొత్తవాటిని అందుకోలేకపోతున్నానని దిగులు పడేవాళ్లు ఈ అంకెలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ముందు సరుకు వేరు చేయాలి

స్టీమ్ లైబ్రరీలో వెతికే పెట్టె పక్కన ఫిల్టర్ గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి ప్లే స్టేట్ కింద అన్‌ప్లేడ్ ఎంచుకుంటే ఒక్కసారి కూడా తెరవనివి మాత్రమే మిగులుతాయి. దాన్నే డైనమిక్ కలెక్షన్‌గా దాచుకుంటే, ఏదైనా ఆడిన వెంటనే అది జాబితాలోంచి దానంతటదే తప్పుకుంటుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. రెండు నిమిషాలు తెరిచి సెట్టింగ్స్ చూసి మూసినవి, ఆట నడిపితే స్టీమ్ ఇచ్చే ట్రేడింగ్ కార్డుల కోసం ఊరికే నడిపినవి కూడా స్టీమ్ దృష్టిలో ఆడినవే. అందుకే ఆడిన సమయం ప్రకారం మరోసారి వరస పెట్టి, గంట లోపు ఉన్నవన్నీ కూడా ఈ జాబితాలోకే లాగాలి.

ఎపిక్, గాగ్, ఎక్స్‌బాక్స్ లాంటి వేరే గేమ్ దుకాణాల్లో ఖాతాలు కూడా ఉంటే ప్లేనైట్ అనే ఉచిత ప్రోగ్రాం అన్నిటినీ ఒక చోటికి తెస్తుంది. ఆడలేదు, ఆడుతున్నా, పక్కన పెట్టా, వదిలేశా అని ఒక్కో ఆటకు స్థితి రాసుకునే వీలూ అందులో ఉంది. అలా కలిపితే ఒకే ఆట స్టీమ్‌లో కొన్నదీ, ఎపిక్ ఉచితంగా ఇచ్చిందీ రెండుసార్లు కనిపించడం మామూలే. ఆ నకళ్లు తీసేస్తేనే సంఖ్య కాస్త తగ్గుతుంది.

తర్వాత దాచేయడం. ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి, మేనేజ్‌లోకి వెళ్లి, హైడ్ నొక్కితే అది జాబితాలోంచి మాయమవుతుంది. ఖాతాలోంచి పోదు, కావాలంటే వ్యూ మెనూలో దాచినవి మళ్లీ చూడొచ్చు. మూటల్లో వచ్చినవి, పేరు కూడా గుర్తులేనివి, ఇప్పుడు ఎదురైతే కొనరని గట్టిగా తెలిసినవి అన్నీ దీని కిందకే వస్తాయి. సపోర్టుకి వెళ్లి ఖాతాలోంచి శాశ్వతంగా తీయించే పద్ధతి కూడా ఉంది, కానీ దానికి తొందరపడొద్దు. అటక మీద పెట్టే సౌకర్యం ఉండగా చెత్తబుట్ట దేనికి?

గేమ్‌లను లెక్కపెట్టకండి, గంటలను లెక్కపెట్టండి

నూట ఇరవై ఆటలు ఆడాలి అన్న మాటకు అర్థం లేదు. వాటిలో మూడు గంటల పోర్టల్ ఉంటుంది, వంద గంటల పర్సోనా 5 రాయల్ కూడా ఉంటుంది. హౌ లాంగ్ టు బీట్ సైట్ ప్రతి ఆటకూ మూడు అంకెలు ఇస్తుంది: కథ మాత్రం, కథతో పాటు పక్క పనులు, మొత్తం నూటికి నూరు శాతం. ది విచర్ 3కి ఇవి దాదాపు 50, 100, 170 గంటలు. ఒకే ఆట, మూడింతలకు పైగా తేడా. ఏ అంకెకు సిద్ధపడుతున్నారో ఆట మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి.

ఇప్పుడు మీ వైపు లెక్క. ఉద్యోగం చేసేవాళ్లకు వారంలో రెండు రాత్రులు గంటన్నర చొప్పున, ఆదివారం మూడు గంటలు దొరికాయనుకుందాం. వారానికి 6 గంటలు. పండగలు, ప్రయాణాలు, ఐపీఎల్, పిల్లల పరీక్షలు కలిపి పది వారాలు తీసేస్తే 42 వారాలు, అంటే సుమారు 250 గంటలు. అందులో సగం స్నేహితులతో ఆన్‌లైన్ ఆటకు పోతుంది, అది తగ్గదు, తగ్గాల్సిన పని కూడా లేదు. మిగిలింది 125. గుట్టలో 120 ఆటలు ఉండి, సగటున 15 గంటలు పడితే 1,800 గంటలు. పద్నాలుగేళ్ల పైమాటే, అదీ ఈ క్షణం నుంచి ఇంకొక్కటి కూడా కొనకపోతే.

ఆ 125 గంటల్లో ఏం పడతాయో చూడండి. ది విచర్ 3 కథ వరకు 50. హాలో నైట్ 27. 2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ 21. సెలెస్ట్ 8, పోర్టల్ 2 మరో 8. ఫైర్‌వాచ్ 4, ఇన్‌సైడ్ 4. మొత్తం 122. ఏడు ఆటలు, మంచి ఏడాది. ఆ ఏడే మీ అసలు జాబితా. మిగతా నూట పదమూడు లైబ్రరీ. పుస్తకాల లైబ్రరీకి వెళ్లి అన్నీ చదవలేదని ఎవరూ ఏడవరు కదా.

ఏది ముందు

వరస పెట్టేటప్పుడు చాలామంది బాగున్నవి ముందు, ఓ మోస్తరువి తర్వాత అంటారు. అంతకంటే మెరుగైన ప్రశ్న, ఏది ముందు పాడైపోతుంది అన్నది. ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్, పక్కన ఆవకాయ జాడీ ఉన్నాయనుకోండి. ముందు ఏది ముట్టుకోవాలో ఒకరు చెప్పాలా?

పాల ప్యాకెట్ లాంటివి చందా కట్టి ఆడే గేమ్ పాస్, పీఎస్ ప్లస్‌లో ఉన్నవి. అవి మీవి కావు, అద్దెవి. గేమ్ పాస్‌లోంచి వెళ్లిపోయే ఆటలను సుమారు రెండు వారాల ముందు ప్రకటిస్తారు. ఆ రెండు వారాల్లో పది గంటల లోపు ఆట ముగించొచ్చు, యాభై గంటలది ముగించలేరు. కాబట్టి చందా ఆటల్లో పొడవైనవాటిని మొదలుపెట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. సర్వర్ లేకుండా నడవనివి ఇంకా పెళుసు. యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన ది క్రూ అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా ఆ తర్వాత ఒక్కరే ఆడుకోవడానికి వీల్లేకుండా పోయింది. స్టీమ్ బుట్టలో ఇప్పుడు కొనేముందే రాసి ఉంటుంది, మీరు పొందుతున్నది లైసెన్సు మాత్రమే అని.

ఆవకాయ వైపు చూస్తే, ఊరేకొద్దీ బాగయ్యేవి ఉన్నాయి. సైబర్‌పంక్ 2077 2020 డిసెంబరులో వచ్చినప్పుడు ఎంత అధ్వానంగా ఉందంటే సోనీ తన స్టోర్‌లోంచి ఆర్నెల్లు తీసేసింది. 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్ వచ్చాక అదే డిస్కు వేరే ఆటలా మారింది. మొదటి రోజు కొని మూడేళ్లు ముట్టుకోనివాళ్లు అదృష్టవంతులు, ధర విషయంలో తప్ప. గాగ్‌లో కొని, ఇన్‌స్టాలర్ దింపుకుని హార్డ్ డిస్కులో పెట్టుకున్నవి ఇంకా నిదానం. వాటికి తొందరేమీ లేదు.

సిరీస్‌ల దగ్గర ఒక హెచ్చరిక. మూడో భాగం కొని, మొదటిది ఆడకుండా ఎలా అని 2007 నాటి ది విచర్‌తో మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది ఆ బురద చిత్తడిలోనే కూరుకుపోతారు. మూడో భాగం ఆ సంగతి ముందే ఊహించింది. విజిమా కోటలో కథానాయకుడు గెరాల్ట్‌కి గడ్డం గీయించుకునే సమయంలో వూరిస్ అనే సేనాని అడిగే ప్రశ్నలకు జవాబిస్తే, పాత భాగంలో మీ నిర్ణయాలు ఏంటో అదే నమోదు చేసుకుంటుంది. నేరుగా మూడో భాగానికి రావచ్చు. మాస్ ఎఫెక్ట్ మాత్రం మినహాయింపు. అందులో మొదటి ఆట సేవ్ (మీరు ఎంతవరకు ఆడారో దాచే ఫైలు) మూడో ఆట వరకు నడుస్తుంది, 2021లో మూడూ కలిపి ఒకే మూటగా ఇచ్చారు, వరసగానే ఆడాలి.

ఒకేసారి ఎన్ని

మూడు. ఒక పెద్దది, ఒక చిన్నది, ఒకటి ఇరవై నిమిషాల్లో ఒక విడత ముగిసేది. పెద్దది ఆదివారానికి, చిన్నది వారం మధ్య రాత్రికి, మూడోది ఆఫీసు మీటింగ్ ఆలస్యమైన రోజుకి. రెండు పెద్దవి కలిపి పెట్టుకోవద్దని చెప్పడానికి కారణం సమయం ఒక్కటే కాదు, చేతి వేళ్లు కూడా. గాడ్ ఆఫ్ వార్‌లో ప్లేస్టేషన్ కంట్రోలర్ మీద దెబ్బ తప్పించుకునే మీట ఎక్స్. ఎల్డెన్ రింగ్‌లో తప్పించుకోవడానికి సర్కిల్ నొక్కాలి, ఎక్స్ నొక్కితే గెంతుతారు. శనివారం అది, ఆదివారం ఇది ఆడితే, రాక్షసుడు గద ఎత్తిన క్షణంలో మీవాడు చక్కగా గాల్లోకి ఎగిరి ఆ గద కిందికే దిగుతాడు. ఆట కష్టంగా ఉందనుకుంటారు. ఆట తప్పేం లేదు.

అయిపోయింది అంటే ఏమిటో కూడా ముందే రాసుకోవాలి, ముఖ్యంగా అంతు లేని ఆటలకు. హేడిస్‌లో ఒకసారి పాతాళం దాటితే కథ మొదలైనట్టే. పదిసార్లు దాటాకే ముగింపు పేర్లు పడతాయి. ఆ పదే గీత అనుకుంటే సరి. స్టార్‌డ్యూ వ్యాలీకి అసలు ముగింపే లేదు. మూడో ఏడాది మొదట్లో తాతగారి ఆత్మ వచ్చి మార్కులు వేస్తుంది, అక్కడ ఆపొచ్చు. గీత గీయకపోతే ఇలాంటి ఒక్క ఆటే ఏడాది కోటా అంతా తినేస్తుంది. తిన్నా తప్పులేదు, కానీ మీకు తెలిసి తినాలి.

ఎక్కడ వదిలేయాలి

స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆడింది 2 గంటల లోపైతే డబ్బు వెనక్కి ఇస్తారు. ఈ నియమం చాలామందికి రెండు గంటలే ఏ ఆటకైనా పరీక్షా సమయం అన్న అలవాటు చేసింది. పొడవైన ఆటలకు అది సరిపోదు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో మొదటి రెండు గంటలు మంచులో గుర్రాలను ఈడ్చుకుంటూ నడవడమే. ఆ కొండ దిగాకే ఆట తన లోకాన్ని విప్పుతుంది. కథ నిడివిలో పదో వంతు ఇవ్వడం మేలైన కొలత. యాభై గంటల ఆటకు ఐదు గంటలు, ఎనిమిది గంటల ఆటకు యాభై నిమిషాలు. అప్పటికీ మర్నాడు మళ్లీ తెరవాలనిపించకపోతే వదిలేయండి. పెట్టిన డబ్బు ఆడినా రాదు, ఆడకపోయినా రాదు.

మీరొక్కరే వదిలేస్తున్నారని అనుమానముంటే ఆ ఆట అచీవ్‌మెంట్ల (ఆటలో ఒక్కో మైలురాయి దాటితే ఇచ్చే గుర్తుల) పేజీలో ప్రపంచవ్యాప్తంగా ఎంత శాతం మంది సాధించారో చూడండి. మొదటి అధ్యాయానికి ఉన్న శాతానికీ, ఆఖరి అధ్యాయానికి ఉన్న శాతానికీ మధ్య ఎంత మంది రాలిపోయారో అక్కడే తెలుస్తుంది. ఏ అధ్యాయం దగ్గర ఒక్కసారిగా పడిపోయిందో గమనిస్తే, విసుగు ఆటదా మీదా అన్నది కూడా తేలుతుంది.

సగంలో ఆగినవి

గుట్టలో అన్నిటికంటే బరువైనవి ఇవే. తెరవని ఆట ఏమీ అడగదు. ముప్పై గంటలు ఆడి ఎనిమిది నెలల కిందట వదిలేసిన ఆట మాత్రం కథ గుర్తుందా, మీటలు గుర్తున్నాయా, సంచిలో ఈ నలభై మందులు దేనికి అని మూడు వైపుల నుంచి నిలదీస్తుంది. చాలామంది సేవ్ తెరుస్తారు, సరిగ్గా పెద్ద యుద్ధం ముందు నిలబడి ఉంటారు, రెండుసార్లు చస్తారు, మూసేస్తారు. లేదంటే మొదటి నుంచి మొదలుపెట్టి, మళ్లీ అదే ముప్పయ్యో గంట దగ్గర అలసిపోతారు. ఒకే ఆట మొదటి సగాన్ని మూడుసార్లు ఆడి ముగింపు ఎప్పుడూ చూడనివాళ్లు తక్కువేం లేరు.

ముందు నిర్ణయం: మళ్లీ మొదలుపెట్టాలా, కొనసాగించాలా? కథలో ఐదో వంతు కూడా దాటకపోతే మొదటి నుంచే హాయి. సగం దాటితే కొనసాగించడమే, ఎంత మరిచిపోయినా సరే. మధ్యలో ఉంటే, సేవ్ తెరిచి క్వెస్ట్ జాబితా, అంటే ఆట మీకు అప్పగించిన పనుల జాబితా చదివాక సగం పేర్లైనా గుర్తొస్తున్నాయా అన్నదాన్ని బట్టి.

కొనసాగించేటప్పుడు మొదటి రోజు కథ జోలికి వెళ్లొద్దు. కంట్రోల్స్ పేజీ తెరిచి ఫోన్‌తో ఫోటో తీసి పక్కన పెట్టుకోండి. తర్వాత ప్రాణాపాయం లేని చోటికి వెళ్లండి. విచర్‌లో అయితే ఏదైనా ఊరి నోటీసు బోర్డు దగ్గర మీ స్థాయికి తక్కువైన చిన్న పని ఒకటి తీసుకోవాలి. ఎల్డెన్ రింగ్‌లో అయితే ఆట మొదట్లో వచ్చే లిమ్‌గ్రేవ్ ప్రాంతానికి తిరిగి వెళ్లి గేట్‌ఫ్రంట్ సైనికులతో ఓ ఇరవై నిమిషాలు కుస్తీ పట్టాలి. వేళ్లకు జ్ఞాపకం తిరిగొచ్చాక, రెండో రోజు కథ. విచర్ 3 ఈ విషయంలో మర్యాద గల ఆట. సేవ్ లోడ్ అవుతుండగా ఇంతవరకు ఏం జరిగిందో గెరాల్ట్ స్నేహితుడు డాండెలియన్ గొంతుతో చెబుతుంది. చాలా ఆటలు చెప్పవు.

అసలు మందు ఆపేటప్పుడు వేయాలి. స్టీమ్‌లో ఆట నడుస్తుండగా షిఫ్ట్, ట్యాబ్ కలిపి నొక్కితే వచ్చే తెరలో నోట్స్ అనే పెన్సిల్ గుర్తుంది. 2023లో చేర్చారు. ఒక్కో ఆటకు విడివిడిగా దాచుకుంటుంది. మూడు ముక్కలు చాలు, ఇలా:

"నోవిగ్రాడ్‌లో ఉన్నా. డాండెలియన్ కోసం వెతుకుతున్నా, ఇక ప్రిసిల్లాని కలవాలి. క్వెన్ కవచ మంత్రం వేసుకునే కొట్లాటకి దిగు, కత్తికి నూనె రాయడం మరవకు."

ముప్పై సెకన్ల పని. ఆర్నెల్ల తర్వాత రెండు గంటల తిరుగుళ్లు తప్పుతాయి. ఆపే చోటు కూడా ముఖ్యం. అధ్యాయం పూర్తయ్యాక ఊళ్లోకొచ్చి ఆపండి, గుహ మధ్యలో ఆపొద్దు.

సేవ్ ఫైలే పోతే ఇదంతా దండగ. అన్ని ఆటలకూ క్లౌడ్ సేవ్ ఉండదు. స్టోర్ పేజీలో స్టీమ్ క్లౌడ్ అని ఉందో లేదో చూడండి. లేనివాటి సేవ్‌లు సాధారణంగా డాక్యుమెంట్స్‌లోనో యాప్‌డేటాలోనో ఉంటాయి, ఏ ఆటకు ఎక్కడో పీసీ గేమింగ్ వికీలో దొరుకుతుంది. కొన్ని పాత ఆటలు సేవ్‌ను ఆట ఫోల్డర్‌లోనే పెడతాయి, అన్‌ఇన్‌స్టాల్ చేసి ఫోల్డర్ తుడిస్తే అవీ పోతాయి. ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్‌కి ఇచ్చే ముందు ఈ సేవ్ ఫోల్డర్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోకపోతే, షాపతను డీ డ్రైవ్ మాత్రమే భద్రంగా తిరిగిస్తాడు.

చోటు, డేటా

పీఎస్5 మొదటి మోడల్ 825 జీబీలో ఆటలకు మిగిలేది 667. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 512 జీబీ మోడల్‌లో 364. బాల్డర్స్ గేట్ 3 ఒక్కటే 150 జీబీ. వంద ఎమ్‌బీపీఎస్ కనెక్షన్‌లో అది దిగడానికి ఎంత బాగున్నా 3 గంటల 20 నిమిషాలు. రోజుకి 2 జీబీ ఇచ్చే ఫోన్ హాట్‌స్పాట్ మీద 75 రోజులు. కాబట్టి ఆదివారం ఆడాలనుకున్నది శుక్రవారం రాత్రే పెట్టాలి. ఆడాలనిపించిన గంటలో దిగడం మొదలైతే, దిగేసరికి ఆ బుద్ధి పోతుంది. ఇన్‌స్టాల్ అయి ఉన్నవి నాలుగైదుకు మించనివ్వకపోతే ఎంపిక కూడా తేలికవుతుంది.

కొత్తవి రాకుండా

కుళాయి కట్టకుండా తొట్టి తోడితే ఏం లాభం? సేల్‌లో ఒక ఆట మీద వేలు ఆగినప్పుడు, ఇది ఈ రాత్రే ఇన్‌స్టాల్ చేస్తారా అని అడగండి. లేదంటే విష్‌లిస్టులో వేసి వదిలేయండి. స్టీమ్‌లో పెద్ద సేల్స్ ఏడాదికి నాలుగు వస్తాయి. ఒకసారి సగానికి తగ్గిన ఆట తర్వాతి సేళ్లలో ఆ ధరకో ఇంకా తక్కువకో తిరిగి రావడమే ఎక్కువ. ఈ ఏడాది ₹999కి కొని, రెండేళ్లు తెరవకుండా ఉంచి, అప్పుడు అది ₹499కి కనిపిస్తే, మధ్యలో ఐదొందలు దేనికి కట్టినట్టు? ఎపిక్ గురువారం ఆటలను మాత్రం నిస్సంకోచంగా తీసుకోండి. తీసుకోవడానికి అర నిమిషం. ప్లేనైట్‌లో ఆ ఖాతాకు వేరే ఫిల్టర్ పెట్టి, ఆ ఏడు ఆటల జాబితాలోకి రానివ్వకండి.